కల్మల ప్లాటుకు ఒక సంతకం తక్కువ

ప్లాటు కొనేటప్పుడు ముందు కాగితాలు చూడాలంటారు. నేనైతే ముందు ఆ పక్కనున్న టీకొట్టుకు వెళ్లమంటాను. కాగితం తనను తెచ్చినవాడి పక్షానే మాట్లాడుతుంది. టీకొట్టుకు ఆ మొహమాటం లేదు.

మా ఆయన విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి. రిటైరయ్యి క్వార్టర్సు ఖాళీ చేయడానికి ఇంకా ఏడాదిన్నరే ఉంది. ఇన్నేళ్లూ గోడకు మేకు కొట్టాలన్నా ఎవరినో అడిగి బతికినదాన్ని. సొంత గోడ కావాలని నాకు నిద్ర పట్టడం లేదు. లింగసుగూరు రోడ్డు మీద కల్మలలో ప్లాటు ఉందని ఏజెంటు చెప్పగానే రెండు గదులు మాకు, రోడ్డు వైపువి రెండు అద్దెకు అని అన్నం తింటూ కంచంలోనే గీసేశాను.

ఏజెంటు పహణి తెచ్చాడు. పొలం ఎవరి పేరున ఉందో చెప్పే కాగితం అది. తండ్రి పోయాక మార్చుకున్నారట, అమ్మేవాడి పేరొక్కటే ఉంది. సాగు భూమిని ఇళ్ల స్థలంగా మార్చిన ఉత్తర్వు కూడా చూపించాడు. బయానా ఇచ్చేద్దామని మా ఆయన అప్పటికే చొక్కా వేసుకున్నాడు. నేను వంశవృక్షం అడిగాను. పోయినాయనకు పిల్లలెందరో అందులో తెలుస్తుంది.

"దాని జరూరత్ లేదమ్మా. పహణి ఉన్నంక ఇంకేం కావాలె?" అన్నాడు ఏజెంటు.

జరూరత్ లేనిదాన్ని తేవడానికి అంత కష్టమేమిటని అడిగాను. మా ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

రెండు రోజులు ఆగి, వాన పడ్డ మర్నాడు ఒక్కదాన్నే బస్సెక్కాను. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో ఏ ఏజెంటూ చెప్పడు, వానే చెప్పాలి. ప్లాటు చక్కగా ఉంది, అడుగు కూడా దిగబడలేదు. ఎదురుగా టీకొట్టాయన గ్లాసు చేతికిస్తూ, అమ్మేవాడికి ఒక అక్క ఉందనీ, గిల్లేసూగూరులో ఇచ్చారనీ చెప్పాడు. గ్లాసులో సగం వదిలేసి అటు బయలుదేరాను.

ఆమెది నా వయసే. వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. నా సంగతి విని చేతులు కొంగుకు తుడుచుకుంది. తమ్ముడు వచ్చిపోతూనే ఉన్నాడట, అమ్మకం మాట మాత్రం ఎత్తలేదట. సంతకం కావాలంటే చీర పట్టుకుని వస్తాడులే, అందరిళ్లలో జరిగేది అదే కదా అంది. తర్వాత నన్ను కూర్చోమని, తనూ కూర్చుంది.

"నువ్వు సదువుకున్నదానివి గదక్కా. నువ్వైతే పెడ్తవా?"

నేను పెట్టాను. మా పుట్టిల్లు తుర్విహాళలో కాలవ కింద నాన్న వరిమడి ఉండేది. అన్నయ్యలు పసుపు కుంకుమ అని చీర పెట్టి, దాని కింద కాగితం పెట్టారు. రేషను షాపులో తూకానికి తగాదా పడే మనిషిని, డిగ్రీ చదివినదాన్ని, ఆ కాగితం చదవలేదు. చదివితే అన్నల్ని అనుమానించినట్టుంటుందని. కాఫీ చల్లారుతోందని వదిన తొందరపెట్టింది కూడా.

నాకు కావలసింది ఈమె సంతకమే. నాలుగు తీపి మాటలకు వచ్చేసేలా ఉంది.

"పెట్టొద్దమ్మా," అన్నాను. "ముందు నీ వాటా ఎంతో తేల్చుకో. ఆ తర్వాత ఇచ్చేస్తావో, ఉంచుకుంటావో నీ ఇష్టం."

"మరి నీ ప్లాటు ఏమైతది?"

బస్సుకు టైమైందని లేచాను.

సంతకం తేవడానికి వెళ్లి తగాదా పెట్టి వచ్చావా అన్నాడు మా ఆయన. అక్కాతమ్ముళ్లు ఇప్పుడు వకీలు దగ్గరికి తిరుగుతున్నారు. ఏజెంటు నా ఫోను ఎత్తడం మానేశాడు. ఏడాదిన్నర కాస్తా ఏడాదయింది. ప్రతి ఆదివారం ఏదో ఒక ప్లాటు చూసి, పక్కన టీ తాగి వస్తున్నాను.

నిన్న తుర్విహాళకు ఫోను చేసి, అప్పట్లో నేను సంతకం పెట్టిన కాగితం నకలు పంపమన్నాను. ఇప్పుడు దేనికమ్మా అన్నాడు అన్నయ్య.

చదువుదామని, అన్నాను.