రంగం వెళ్ళినవాళ్ళు, మా మేడమ్

మా చరిత్ర మేడమ్ పోయారని ఆమదాలవలస స్టేషన్లో ఉండగా ఫోన్ వచ్చింది. చేసింది ఆవిడ కోడలు. నిన్నటిదాకా బాగానే ఉన్నారట, తెల్లారి లేవలేదట. నేను ఆవిడ దగ్గరికే బయలుదేరాను. నా పరిశోధన గ్రంథం చివరి అధ్యాయం సంచిలో ఉంది. ఆవిడ చూడందే ఎవరికీ ఇవ్వనని పంతం పట్టి ఉన్నాను. రైలు వచ్చి వెళ్ళిపోయింది. ఎక్కాలన్న ధ్యాసే లేదు.

మేడమ్‌ది గరివిడి. డిగ్రీలో నాకు పాఠం చెప్పారు, రిటైరయ్యాక కూడా నన్ను వదల్లేదు. మాది భావనపాడు. మా తీరంలోని చేపలవాళ్ళు ఒకప్పుడు బర్మాకు, మా పెద్దల మాటలో రంగానికి, ఎందుకు వలస పోయారన్నది నా అంశం.

మొదటిసారి పాత రికార్డుల ఆఫీసుకు వెళ్ళినప్పుడు నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఏమని అడగాలి? కాదంటే? మీరే అడగండని బతిమాలాను. ఆవిడ వరండాలో బెంచీ మీద కూర్చుని, లోపలికి నన్నొక్కదాన్నే పంపారు. ఆ రోజు ఫైలు లేదన్నాడు గుమస్తా. మర్నాడు మళ్ళీ తీసుకెళ్ళి మళ్ళీ నాచేతే అడిగించారు. ఫైలు వచ్చింది.

పాత కాగితాల దగ్గర ఆవిడ పెన్ను తియ్యనిచ్చేవారు కాదు, పెన్సిలే. బయటికొచ్చాక వేరుశనక్కాయలు కొనిపెట్టి, నేను ఉత్సాహంగా ఏదో చెబుతుంటే ఆపి అడిగేవారు. "సూసింది సెప్పావు. ఏటి సూడనేదో అదీ సెప్పు."

తుఫాను పడవల్ని మింగేశాకే ఊరు రంగం పోయిందని మా నానమ్మ చెప్పేది. నా గ్రంథమంతా ఆ మాట మీదే కట్టాను. ఒకరోజు ఒక ఫైలులో, తుఫానుకు ముందే మా తీరంలో చాలా ఇళ్ళు ఖాళీ అయ్యాయని కనిపించింది. ఇన్నేళ్ళ పని ఏమైపోతుంది? నానమ్మను అబద్ధాలకోరును చేశానని ఊళ్ళో అనరూ? నకలు పట్టుకుని గరివిడి పరుగెత్తాను.

ఆవిడ నిదానంగా చదివి, కళ్ళజోడు తీశారు.

"ఇది రాసినోడు బయట నిలబడి తాళాలు సూసాడు. మీ నానమ్మోళ్ళు లోపల నిలబడి ఏడుపు సూసారు. రెండూ రాయి. తేల్లేదంటే తేల్లేదనే రాయి. దానికి సిగ్గేటి?"

"భయంగా ఉందండీ."

"ఉండాల. భయపడనోడు కాగితాన్ని సరిగ్గా సదవడు."

అలాగే రాశాను. ఆ అధ్యాయమే ఆవిడకు చూపించాలనుకున్నది. ఇప్పుడది ఆవిడ చూడకుండానే యూనివర్సిటీకి వెళ్ళాలి. తప్పెక్కడుందో చెప్పేవారు లేరన్న దిగులు అన్నం తింటున్నా వదలడం లేదు.

ఆవిడ పోయి నెల కావస్తోంది. ఇచ్చేముందు ఒక్కసారి సరిచూసుకుందామని నిన్న రికార్డుల ఆఫీసుకు ఒక్కదాన్నే వెళ్ళాను. ఆ ఫైలు కట్టే మళ్ళీ విప్పాను. మా ఊరి పేరున్న చోట చెదలు తొలిచిన చిల్లు. అందులోంచి కింది పేజీలోని అక్షరం ఒకటి పైకి కనబడుతూ మా ఊరి పేరులో కలిసిపోయింది. అప్పుడు ఈ చిల్లు నేను చూడనేలేదు, అసలిది మా ఊరేనా? పైన ఫ్యాను తిరుగుతోంది. కాగితం అంచు వణుకుతుంటే దాని మీద అరచెయ్యి అడ్డంపెట్టాను.