నేను రిజెక్ట్ చేసిన కడుపు

సొంత కడుపు మీద ఎర్ర గీత కొట్టి పారేసిన మనిషిని మీరు చూసి ఉండరు. ఇదిగో, నేనే. ఒక్కసారి కాదు, రెండుసార్లు కొట్టాను.

తొంభైల్లో పీణ్య పారిశ్రామికవాడలో ఒక మెషిన్ షాపులో ఇన్‌స్పెక్టర్ని. కుడి ఎడమలు తారుమారైన పార్టు కనిపిస్తే ఎర్ర మార్కరుతో ఇంటూ కొట్టడం నా ఉద్యోగం. పెళ్లిళ్లకు వెళ్లినా ఆ మార్కరు జేబులోనే ఉండేది.

ఒక మధ్యాహ్నం అన్నం తిన్నాక కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. దగ్గర్లోని ఆసుపత్రికి పోతే ఎక్స్‌రే తీశారు. కుర్ర డాక్టరు ఫిల్ము చూసి మొహం మాడిన దోసెలా పెట్టాడు. కడుపులోని గాలి బుడగ అందరికీ ఎడమవైపు కనిపిస్తుందట, నాకేమో కుడివైపు ఉంది. పేగుకు చిల్లు పడి గాలి బయటికొచ్చిందేమో, వెంటనే పొట్ట కోయాల్సి రావచ్చు, సంతకం పెట్టమన్నాడు.

నేను ఫిల్ము లాక్కుని చూశాను. బుడగ నిజంగానే తప్పు వైపుంది. మార్కరు తీసి ఇంటూ కొట్టి, "తిరగేసి తీశారు, మళ్లీ తీయండి" అన్నాను.

ఎక్స్‌రే గదిలో ఏళ్లుగా పనిచేస్తున్న నంజప్ప మళ్లీ తీశాడు. బుడగ కదల్లేదు. నేను మళ్లీ ఇంటూ కొట్టాను.

"ఫిల్ము తిరగబడింటే గుండె కూడా తిరగబడాల గదప్పా? అది ఎడమపక్కే ఉండాది, చూడు" అన్నాడు నంజప్ప.

న్యాయమైన మాటే. ఇన్‌స్పెక్టరునై ఉండి నేను గుండె వైపు చూడనే లేదు. కానీ ఒప్పుకుంటే నేను నేనెలా అవుతాను? గుండె సరిగ్గా తీసి కడుపు తప్పు తీశావంటే సగం పనే నేర్చుకున్నావన్నమాట అన్నాను.

"పని నాకు బాగానే వస్తుందప్పా. నీ కడుపే నీ మాదిరి అడ్డం తిరిగుండాది."

ఆ మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఫిర్యాదుల పుస్తకం తెప్పించుకుని, నిలబడే రెండు పేజీలు నింపాను. చాలక గొంతెత్తి చదివి వినిపించాను.

ఆ గోలకి పెద్ద డాక్టరమ్మ వచ్చింది. నన్ను పడుకోబెట్టి పొట్ట అంతా నొక్కి చూసి, కుర్ర డాక్టరు వైపు తిరిగింది. "పేగుకు చిల్లు పడినవాళ్లు కదల్లేరు బాబూ. ఈయన గంట నుంచి నిలబడి పోట్లాడుతున్నారు. కత్తి పక్కన పెట్టు."

మర్నాడు తెల్లటి మందు తాగించి, అది దిగే దారి తెర మీద చూపించింది. ఊరి నడిబొడ్డున ఉన్న మెజెస్టిక్‌కి బోర్డు పెట్టుకున్న బస్సు ఊరి బయటి దొడ్డబళ్ళాపురం దారి పట్టినట్టు, మందు గొంతు దిగి హాయిగా కుడివైపుకు తిరిగింది. ఆడలేక మద్దెల ఓడన్నారట; నేను కడుపు అటు పెట్టుకుని ఫిల్ము తిరగబడిందన్నాను.

పుట్టుకతోనే అంతేనట, చాలా అరుదట. కోత అక్కర్లేదు, కొంచెం కొంచెంగా తింటే చాలు, నొప్పితో వాంతులు ఆగకపోతే మాత్రం పరుగెత్తుకు రమ్మంది. ఇంకెవరూ నా బుడగ చూసి కంగారుపడకుండా ఒక చీటీ కూడా రాసిచ్చింది.

సిగ్గుపడి, ఆ రెండు పేజీలు కొట్టేస్తానన్నాను. డాక్టరమ్మ వద్దంది. "ఉండనివ్వండి. మీ పొట్టని కాపాడింది ఆ నోరే."

ఆ ఎక్స్‌రే గదిలోనే, నంజప్ప సాక్షిగా ప్రమాణం చేశాను: నా ఒంట్లో ఏ భాగం ఎక్కడుండాలన్న విషయంలో ఈ జన్మలో ఇంకెవరితోనూ పోట్లాడను. ఒంటి బయటి విషయాలకు ఈ ప్రమాణం వర్తించదు.