ఆరో అధ్యాయం దగ్గర ఆగిన పుస్తకం

సుబేదారు తాత పోయిన మంగళవారం ఉదయం కన్నుమూశారు. ఆయన కూతురు ఫోన్ చేసేటప్పటికి నేను కాలేజీ బస్సులో, బెంగళూరు వర్తూరు చెరువు పక్కన ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉన్నాను. "నాయన పోయినాడు పాపా. కాఫీ తాగినాడు, పేపరు అడిగినాడు. నేను తెచ్చేలోపలే" అంది. బస్సు దిగి ఇంటికి నడిచాను. ఏడుపు రాలేదు. ఆయన ఎంత గొప్ప పని చేశారో దారిన పోయే వాళ్లందరినీ ఆపి చెప్పాలనిపించింది. ఆ తహతహ ఇంకా తగ్గలేదు, అందుకే మీకు చెబుతున్నాను.

తాత మాకు చుట్టం కాదు. హిందూపురం వైపు నుంచి వచ్చిన మేస్త్రీ మా నాన్న. తాత ఇంట్లో కింది వాటాలో మేం అద్దెకు ఉంటున్నాం. పైన ఆయన, ఆయన కూతురు. మా వీధిలో ఇంజనీరు అంటే భుజాన లాప్‌టాప్ సంచి ఉన్నవాడు. తాత చేసిన ఇంజనీరు పని వేరు. సైన్యం నడవడానికి ఏటి మీద వంతెన వేయడం, శత్రువు భూమిలో పాతిపెట్టిన మైన్లను వెతికి తీసి దారి చేయడం. డెబ్బై ఒకటి యుద్ధంలో ఆయన ఇరవై దాటిన సిపాయి. సుబేదారు అయ్యాక ఉద్యోగం విరమించారు.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం ఆయన ఏడు నోటుపుస్తకాలు తెచ్చి నా ముందు పెట్టారు. "మిలిటరీలో మా సెక్షను కథ. చదివి చెప్పు, పుస్తకం అయితాదా" అన్నారు. తెరిచి చూస్తే అన్నీ కన్నడ అక్షరాలు. మొదటి వాక్యం పైకి చదివాను. అది తెలుగు! తాతది తరాలుగా బెంగళూరులో ఉన్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. తెలుగు అక్షరం ఒక్కటీ రాని మనిషి రెండువందల పైచిలుకు పుటలు తెలుగులో రాశారు. నేను బడిలో కన్నడం చదువుకున్నాను. తెలుగు అక్షరాలు అమ్మ గోడ క్యాలెండరు మీద నేర్పింది. నేనే చేయగల పని అంటూ ఒకటి ఈ ఊళ్లో ఉందని నాకు తెలిసింది ఆ రోజే.

ఇంకో సంగతి కూడా గమనించాను. కొన్ని వాక్యాలు నీలం సిరాతో ఉన్నాయి, కొన్ని పచ్చ సిరాతో. ఎందుకని అడిగాను.

"నీలం కండ్లది. పచ్చ చెవులది" అన్నారు. "నేను చూసింది నీలం, ఇంకొకరు చెప్పింది పచ్చ. యుద్ధం గురించి మాట్లాడేవాళ్లకి చెవులు జాస్తి పాపా."

అచ్చులో రెండు రంగులు కుదరవు కాబట్టి, విన్నవాటిని వాలు అక్షరాల్లో పెట్టాలని నిర్ణయించుకున్నాం. ప్రతి ఆదివారం నేను లాప్‌టాప్ పట్టుకుని మేడ ఎక్కేదాన్ని. ఆయన కూర్చోరు. నేను టైపు చేసింది చదువుతుంటే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి వినేవారు. "ముప్పై అడుగులు" అని వస్తే చాలు, మిద్దె మీదికి తీసుకుపోయి ముప్పై అడుగులు నడిచి చూపించేవారు. పక్కింటి గోడ అడ్డొస్తే వెనక్కి తిరిగి మిగిలినవి లెక్కపెట్టేవారు. పుస్తకంలోని యుద్ధభూమి సగం నేను మా మిద్దె మీదే చూశాను.

మాటల దగ్గర మాకు ప్రతిసారీ గలాటా. మైను అనే చోటల్లా నేను మందుపాతర అని పెట్టాను. ఆ మాట నాకు అప్పుడే కొత్తగా పరిచయమై తెగ నచ్చేసింది.

"పాతర అంటే మా అవ్వ జొన్నలు పోసేది" అన్నారు తాత. "మేము ఎవరూ ఆ మాట అనలేదు. అనని మాట మా నోట్లో పెట్టొద్దు."

"పుస్తకానికి పుస్తకం భాష ఉండాలి తాతా."

"అయితే నీ పుస్తకంలో పెట్టుకో. ఇది మా సెక్షనుది."

నేను అలిగాను. అయినా మైను అనే ఉంచాను. ఇప్పుడు చదువుతుంటే ఆయన మాటే సరి అనిపిస్తుంది.

అయిదు అధ్యాయాలు పూర్తయ్యాయి. మాజీ సైనికుల సంఘం వాళ్లు తమ వార్షికోత్సవంలో పుస్తకం విడుదల చేద్దామన్నారు. అచ్చు వేసే ఆయన కన్నడం మనిషి. "తప్పులు నువ్వే చూసుకో తల్లీ, నాకన్నీ జిలేబీల్లా కనపడతాయి" అని నవ్వాడు. అప్పుడు ఆరో అధ్యాయానికి వచ్చాం.

వీధిలో మా అందరికీ తెలిసిన కథ అది. ఏటా సంఘం వేదిక మీద తాత చెప్పే కథ. తెల్లవారుజామున మైన్లు ఏరుతుండగా, ఆయన పక్కనే ఉన్న నాయక్, అంటే సిపాయికి పై హోదా మనిషి, చనిపోయాడు. పోయేముందు పెండ్లాన్ని తలుచుకుని, ఆమె చేతి ఉలవచారు తినాలని ఉందన్నాడు. మూడు పుటలు, మొత్తం నీలం సిరా.

టైపు చేస్తూ ఆగిపోయాను. అయిదో అధ్యాయం చివర అదే తెల్లవారుజామున, దారి గుర్తుకు పరిచే తెల్లపట్టీ చుట్టలు తేవడానికి తాత లారీ దగ్గరికి వెళ్లారని ఉంది. లారీ కాలువ గట్టుకు అవతల ఉంది. అది కూడా నీలం సిరాలోనే. రెండు పుటలూ ఆయన ముందు పెట్టాను.

"ఒకే మనిషి రెండు చోట్ల ఎట్లా ఉంటాడు తాతా?"

ఆయన ఆ పుటలు రెండూ చేతిలోకి తీసుకున్నారు. తర్వాత నేను మొదటిసారి ఆయన నా ముందు కూర్చోవడం చూశాను.

"లారీ దగ్గరే ఉండాను" అన్నారు. "శబ్దం వినపడింది. నేను వచ్చేలోపల ఆయప్పను ఎత్తుకోని పోయినారు. ఏమీ చూడలేదు."

యుద్ధం అయ్యాక నాయక్ సామాన్ల పెట్టెను ఇంటికి చేర్చింది తాతే. నాయక్ భార్యకు అప్పుడు పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో. నువ్వు పక్కనే ఉన్నావా అని అడిగింది. ఉన్నానన్నారు. ఏమన్నా అన్నాడా అని అడిగింది. "లేదనేకి నోరు రాలేదు పాపా. ఆ ఇంట్లో ఉలవలు ఉడుకుతాండె. ఆ వాసనకి ఆ మాట వచ్చేసింది. తర్వాత చెప్పీ చెప్పీ నాకే కనపడేకి మొదలుపెట్టింది. మోసం చేయల్లని నీలంలో రాయలేదు."

"అయితే ఆ వాక్యాలు తీసేసి, లారీ దగ్గర ఉన్నానని రాస్తే సరిపోతుంది కదా?"

"పుస్తకం సరిపోతాది. వదిన ఎట్ల సరిపోతాది? అచ్చుకు ముందు ఆమెకు చెప్పల్ల."

వదిన అంటే నాయక్ భార్యే. బళేపేటలో తాళ్లు, గడియలు, మేకులు అమ్మే అంగడి నడుపుతుంది. మరుసటి ఆదివారం ఇద్దరం బస్సెక్కి వెళ్లాం.

"ఏమప్పా సుబేదారూ, ఇంకా ఉండావా?" అంది అవ్వ తాళ్ల చుట్టల వెనక నుంచి. "నీ పుస్తకం వచ్చేలోపల మేమంతా పోతామనుకుంటి."

"వదినా, ఒక మాట చెప్పల్ల."

"చెప్పు. గిరాకీ వస్తే నిలిపేయి."

తాత చెప్పారు. తిప్పి తిప్పి చెప్పలేదు. లారీ, కాలువ గట్టు, శబ్దం, అన్నీ వరసగా చెప్పారు. అవ్వ చేతిలో నైలాన్ తాడు సగం చుట్టి ఉంది. అలాగే పట్టుకుని వింది.

"ప్రతి ఏడూ ఆయప్ప దినానికి ఏమి వండుతానో తెలుసా నీకు?"

తాత తల దించుకున్నారు. తెలుసు. కొన్నేళ్లు ఆ ఇంట్లోనే కూర్చుని తిన్నారు కూడా.

"నాకు ఉలవచారు వాసనే పడదు. ఆయప్ప అడిగినాడని వండినా. యాభై ఏండ్ల పైన వండినా."

ఒకతను వచ్చి తలుపు గడియ కావాలన్నాడు. "ఎంత పొడుగు?" అని లేచింది అవ్వ. గడియ ఇచ్చి, మావైపు చూడకుండానే "ఇంక పోండప్పా" అంది.

బస్సులో తాత ఒక్క మాటే అన్నారు. "ప్రెస్సుకు చెప్పు, నిలిపేయమని." ఆ అధ్యాయం వదిలేసి మిగతాది వేద్దామన్నాను. "అది లేకుంటే ఆ మనిషే పుస్తకంలో ఉండడు" అన్నారు. ఆమె ఒప్పుకోకుండా వేసేది లేదన్నారు. ఆయనకు అప్పటికే ఆయాసం, మెట్లెక్కితే గోడ పట్టుకునేవారు. పుస్తకం చూడకుండానే పోతారేమోనని నాకు భయం. ఫైలు నా దగ్గరే ఉంది, పాత అధ్యాయమే పంపేస్తే ఎవరికి తెలుస్తుంది అని కూడా ఒక రోజు అనుకున్నాను. దాచుకోలేక ఆయనకే చెప్పేశాను.

"సుబేదారు ముందరే మైను పెడతావా నువ్వు?" అని దగ్గు వచ్చేదాకా నవ్వారు.

మేం వెళ్లొచ్చిన పదకొండో రోజు అవ్వ తానే వచ్చింది. బళేపేట నుంచి రెండు బస్సులు మారి, మేడ మెట్లెక్కి, నీళ్లు తాగి, నన్ను పిలిచింది.

"రాసుకో పాపా. ఈయప్ప నాకు చెప్పిందీ రాయి, అది అబద్ధమనీ రాయి. రెండూ ఉండల్ల. ఆ మాట అబద్ధం గానీ నేను వండింది అబద్ధం కాదు కదా."

"వదినా, ఒకసారి తిట్టు. నాకు కొంచెం బాగుంటాది" అన్నారు తాత.

"తిట్టేకి టైమ్ ఉండాది. ముందు పాపను రాయనీ." మళ్లీ నావైపు తిరిగింది. "నేను నా కండ్లతో చూసింది కూడా రాయి. పెట్టె తెరిస్తే రెండు షర్టులు, గడ్డం గీసుకునే బ్రష్షు, సగం అరిగిన సబ్బు. సబ్బుకు ఆయప్ప వెంట్రుక ఒకటి అంటుకోనుండె. అంతే. చూసింది అంతే."

నేను ఆపి కళ్లు తుడుచుకుని మళ్లీ టైపు చేశాను. ఇక ఉలవచారు వండరా అని అడిగాను.

"ఎందుకు వండను? ఆయప్పకి ఏది ఇష్టమో అడిగేకి, పెండ్లయినాక మాకు నలభై దినాలే ఉండె. అదే ఇష్టమేమో, ఎవరికి తెలుసు."

అలా ఆరో అధ్యాయం రెండు పుటలు తగ్గి, ఒక పుట పెరిగింది. అవ్వ చూసింది అవ్వ మాటల్లోనే ఉంది కాబట్టి, అందులో వాలు అక్షరాలు ఒక్కటీ లేవు. పుస్తకాలు ఆటోలో వచ్చిన రోజు కట్ట తాడు నేను పళ్లతో తెంపాను. తాత మొదటి పుస్తకం తీసి, తాను చదవలేని ఆ అక్షరాల మీద వేలు నడిపిస్తూ "ఇది నా పేరా?" అని అడిగారు. కాదు తాతా, విషయసూచిక అన్నాను.

వార్షికోత్సవం రోజు సంఘం హాలు నిండిపోయింది. ఎప్పటిలాగే ఆ కథ చెప్పమన్నారు. తాత కొత్త అధ్యాయాన్ని కన్నడ అక్షరాల్లో తిరగరాసుకున్న తన నోటుపుస్తకం నుంచి చదివారు. "ఆ సమయంలో నేను అక్కడ లేను" అన్న వాక్యాన్ని రెండుసార్లు చదివారు. చప్పట్లు లేవు. ముందు వరసలో ఒకాయన లేచి బయటికి వెళ్లిపోయాడు. ఇంత కష్టపడి ఈయన పరువు తీశానా అనుకున్నాను. తాత మాత్రం ఆఖరి వాక్యం దాకా చదివి, మైకు పక్కన పెట్టి, మెల్లగా దిగి వచ్చారు.

పుస్తకాల బల్ల దగ్గర కూర్చున్నాను. చాలాసేపు ఎవరూ రాలేదు. తర్వాత వెనక వరస నుంచి ఒక ముసలి హవల్దారు లేచి వచ్చాడు. పుస్తకం ముట్టుకోలేదు.

"నేనూ ఒక ఇంటికి పోయి ఇట్లనే చెప్పొచ్చినా పాపా" అన్నాడు గొంతు తగ్గించి.

ముందు కుర్చీలో కూర్చున్న అవ్వ వెనక్కి తిరిగింది. "చెప్పప్పా, పాప రాసుకుంటాది. ఎవరూ తిట్టరు."

ఆయన వెనక ఇంకొకరు వచ్చి నిలబడ్డారు. ఆ వెనక ఇంకో ఇద్దరు. ఎవరూ చెప్పకుండానే వరస కట్టారు. నేను సంచిలో వెతికితే కాలేజీ నోట్సే దొరికింది. అందులో ఒక తెల్ల పుట తెరిచాను. హవల్దారు తల మీది టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. దాని అంచును రెండు వేళ్లతో సర్దుతూ, సర్దుతూ నిలబడ్డాడు.