కోటు రంగు ఎవర్ని అడగాలి?

మా తమ్ముడు వెంకటరత్నం ఇక లేడు. నందిగామలో స్టూడియో రత్నం అంటే తెలియనివాళ్ళు తక్కువ. పొద్దున కాఫీ తాగి, కుంచె కడుక్కుంటూ గుండె పట్టుకుని కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. ఆ క్షణం నుంచి నాకు కాలు నిలవటంలేదు. ఇంట్లోంచి స్టూడియోలోకీ, అక్కణ్ణించి ఇంట్లోకీ తిరుగుతున్నాను. ఏం వెతుకుతున్నానో నాకే తెలియదు.

నలుపు తెలుపు ఫొటోలకి రంగులద్దటం వాడి వృత్తి. విజయవాడలో కలర్ ఫొటోలు వచ్చి బేరాలు తగ్గినా ఆ పని వదల్లేదు. పెళ్ళి ఫొటో కోసం ఎవరొచ్చినా ముందు అదే ప్రశ్న: "చీర ఏ రంగండీ?" గుర్తులేదంటే కుంచె ముట్టేవాడు కాదు. "ఊహించి అద్దితే అది వేరే ఆమె చీర అవుతుందక్కా" అనేవాడు.

జగ్గయ్యపేటలో చరిత్ర చెప్పే కోటేశ్వరరావు మాస్టారితో స్నేహం కుదిరాక ఇంకో పిచ్చి పట్టుకుంది. నెపోలియన్ కాలపు సైనికుల్ని వేలెడంతైనా లేని సీసపు బొమ్మలుగా పోతపోసి, రంగులు వేసి, బల్లమీద ఇద్దరూ యుద్ధం ఆడేవారు. పాచికలు వేసి, దర్జీ టేపుతో కొలిచి దండు నడిపేవారు. రంపపు పొట్టుకి పచ్చరంగు పట్టిస్తే గడ్డి. నా పాత నీలం చీర చింపితే నది.

మొదటి దండుకి ఆధారం మాస్టారి పుస్తకంలోని నలుపు తెలుపు బొమ్మ. "ఎప్పుడో పోయినవాళ్ళని కోటు రంగు ఎట్లా అడగనక్కా?" అంటూ కుదురు లేకుండా తిరిగాడు. చివరికి మా ఊరి బ్యాండుమేళాన్ని చూసొచ్చి ఫ్రెంచివాళ్ళందరికీ ఎర్రకోట్లు వేసాడు. బస్సు దిగి వచ్చిన మాస్టారు బల్ల చూసి పడీపడీ నవ్వారు.

"మేళం దిగింది, పెళ్ళికొడుకేడయ్యా రత్నం? ఎర్రకోట్లు ఇంగ్లీషువాళ్ళవి. నీవాళ్ళవి నీలం!"

"బొమ్మ చూపించినప్పుడే చెప్పొచ్చుగా మాస్టారూ!"

"నువ్వు అడిగితేగా!"

ఊరందర్నీ అడిగేవాడు, ఆయన్ని అడగటం మర్చిపోయాడు. అన్నిటికీ నీలం వేసి, డోలు వాయించే బొమ్మని మాత్రం ఎర్రకోటుతోనే ఉంచాడు. "వీణ్ణి చూస్తే తొందరపడబుద్ధి కాదక్కా" అనేవాడు.

ఆట ముగిసాక ఫొటో తప్పదు. గడ్డం బల్లకి ఆనించి, కెమెరాని బొమ్మల ఎత్తుకి దించి, "అక్కా, పొగ!" అని కేకేసేవాడు. సాంబ్రాణి వేసి విసరటం నా పని. ఆ ధూపంలో బొమ్మలు నిలువెత్తు మనుషులయ్యేవి. ఆ ఫొటోల వెనక బొమ్మల పేర్లు రాయిస్తూనే, నలభై దాటాక నాకు అక్షరాలు నేర్పాడు. "వంకరైతే ఏం, మనిషెవరో తెలిస్తే చాలు" అనేవాడు.

వాడు పోయేనాటికి ఆట సగంలో ఉంది.

"వదినా, దినానికి వంటసామాను దించాలి, ఆ బల్ల ఖాళీ చెయ్యక తప్పదు. అయినా ఆ బొమ్మలు చూస్తుంటే నాకు ముద్ద దిగటంలేదు" అంది మా మరదలు సీత. ఆమె బాధా న్యాయమే. తీసేస్తే వాడు చివరిసారి పెట్టిన బొమ్మ ఎక్కడుండేదో ఇక ఎవరికీ తెలియదు. జగ్గయ్యపేటకి కబురు పెట్టాను.

మాస్టారు వచ్చి పాచికలు చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టేసారు.

"వంతు రత్నానిది అక్కయ్యగారూ. నేను ఆడకూడదు."

"ఆడొద్దండీ. పొగ వెయ్యండి చాలు."

"మరి ఫొటో?"

"నేను తీస్తా."

గడ్డం బల్లకి ఆనించాను. కెమెరాని బొమ్మల ఎత్తుకి దించాను. కెమెరా అద్దంలో, పొగలో, తమ్ముడి దండు వాడి కోసం ఆగి ఉంది. నొక్కాను. తర్వాత సీతా నేనూ ఒక్కో బొమ్మనీ దూదిలో చుట్టి పెట్టెలో పెట్టాం. ఆమె ఏడుస్తూనే చుట్టింది.

పత్రికవాళ్ళు ఆ ఫొటోనే ఈ పేజీలో వేస్తున్నారు. కొంచెం మసగ్గా ఉంది. వాడికి నేను ఇవ్వగలిగిన నివాళి అదే. అచ్చులో నలుపు తెలుపే వస్తుంది, అడిగి మరీ రంగు అద్దే చెయ్యి ఇక మాకు లేదు. అంచున డోలు పట్టుకుని ఒకడున్నాడు, చూడండి. వాడి కోటు ఎరుపండీ.