వెనక అద్దం మీది నాచు

ఎక్కడ దారప్పోగు వేలాడినా కత్తిరించందే ఆ దర్జీ చెయ్యి ఊరుకోదు. అందుకే భార్య పగడాలూ నత్తలూ పెంచే ఉప్పునీటి అక్వేరియం తొట్టె ఆయనకు కంట్లో నలుసు. ఆమె పాత టూత్‌బ్రష్‌తో పగడాల మీది నాచంతా గీకేసి, వెనక అద్దం మీద జానెడు మేర అలాగే వదిలేసేది.

"నీ పనెప్పుడూ అరకొరే," అని సణిగేవాడు.

"ఉండనీండి, మీకేం అడ్డం?" అనేది నవ్వుతూ.

ఆమె పోయాక నాచు పగడాలను కమ్మేసింది. అక్వేరియం దుకాణంలో ఇచ్చిన మందు తెచ్చి నీళ్లలో కలిపాడు. మందును పీల్చేస్తుందని ఫిల్టర్‌లోని బొగ్గు కూడా తీసేశాడు. కొన్ని వారాలకు నాచు పోగైనా మిగల్లేదు. పగడాలు మళ్లీ విచ్చుకున్నాయి. ఆమె తొట్టెను తానే దారిన పెట్టానని మురిసిపోయాడు.

ఆ తర్వాత, ఆమె ముద్దుగా పెంచిన నత్తలు ఒక్కొక్కటే అద్దం మీంచి జారి ఇసుకలో పడ్డాయి. మందు ఎక్కువైందేమోనని దుకాణానికి పరుగెత్తాడు.

"మందేం చెయ్యలేదు బాబాయ్," అన్నాడు దుకాణదారు. "తిండి లేక పోయాయి. నాచే కదా వాటి తిండి. పిన్ని వాటి కోసమే వెనక కాస్త వదిలేది. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. తను అడిగితే కదా.

ఇంటికొచ్చి తొట్టె ముందు కూర్చున్నాడు. ఆమె బ్రష్ ఇంకా ఆమె పెట్టిన చోటే ఉంది. దాని కుచ్చులో ఎండిపోయిన నాచు పోగొకటి వేలాడుతోంది.

దాన్ని తెంచడానికి దర్జీకి చేతులు రాలేదు.