బోర్డు లేని దిక్కు

ఆస్ట్రేలియాలో నల్లార్బోర్ మైదానం మీదుగా పోయే హైవే గురించి నాకు తెలిసినంత మా సెంగ్‌కాంగ్‌లో ఇంకెవరికీ తెలిసి ఉండదు. నేను కోరుకుని తెలుసుకున్నది కాదు. మా ఆయన రోజూ రాత్రి అన్నం దగ్గర కూర్చుని నా చెవిలో పోసిందే అంతా.

మా అమ్మాయి ఆస్ట్రేలియాలో తూర్పు వైపు చదువు ముగించింది. ఉద్యోగం పడమటి తీరాన పెర్త్‌లో దొరికింది. దానికొక పాత కారు ఉంది. ఆ కారును అమ్మేసి విమానం ఎక్కవే అంటే వినదు. "రెండు మూడ్రోజుల డ్రైవ్ అంతే లా అమ్మీ. ఎందుకంత స్ట్రెస్?" అంటుంది, ఇక్కడి పిల్లల అలవాటుగా మాటకో "లా" తగిలించి. ఈ చివర నుంచి ఆ చివరకు గంటలో అయిపోయే, మలేషియా పక్కనున్న మా చిన్న దీవిలో పుట్టి పెరిగిన పిల్ల. మా ఆయన ఫ్యాక్టరీకి దీవి ఆ చివర బూన్ లే దాకా పోతేనే పరదేశం పోయినట్టు నేను టిఫిన్ కట్టి పంపేదాన్ని. ఒక పెట్రోల్ బంకు నుంచి ఇంకో బంకుకు మధ్య మా దేశం మొత్తం నాలుగైదు సార్లు పట్టే రోడ్డు ఎట్లా ఉంటుందో దానికేం తెలుసు?

ఒక్కతే పోనివ్వను, నేనూ పోతానన్నారు మా ఆయన. నాకు ఒళ్ళు మండింది. పోయిన ఏడాదే ఆయన గుండెలో స్టెంట్ వేశారు. డాక్టరు పోవచ్చన్నాడట. డాక్టరుకేం, ఇంట్లో కూర్చుని ఎదురు చూసేది నేను కదా. నాకేమో నేను పనిచేసే చిన్నపిల్లల బడిలో సెలవు దొరకలేదు.

టికెట్ కొన్న రోజు నుంచీ మా ఇంట్లో పాఠాలు మొదలయ్యాయి. దొరల కాలంలో ఒక తెల్లవాడు ఆ తీరం వెంట నడిచి, నీళ్ళు లేక చావబోతే, అక్కడి ఆదివాసులు ఇసుకదిబ్బల వెనక ఎక్కడ తవ్వాలో చూపించి బతికించారట. రోడ్డుకు మాత్రం ఆ నడిచినవాడి పేరే పెట్టారు. "మరి నీళ్ళు చూపించినోళ్ళ పేరు?" అని అడిగాను. "అదే కదా" అన్నారాయన. తరవాత టెలిగ్రాఫ్ స్తంభాలు పాతారు. ఆ టెలిగ్రాఫ్ ఆఫీసు ఇప్పుడు ఇసుకలో సగం కూరుకుపోయి ఉందట. యుద్ధం రోజుల్లో సైన్యం హడావుడిగా మట్టిరోడ్డు వేసింది. తారు పడింది మా ఆయన పుట్టిన తరవాతే.

చరిత్ర అయ్యాక బోర్డులు. ఫోన్‌లో బొమ్మ చూపించడం, "దీనికి అర్థమేంది, చెప్పు" అని నన్ను అడగడం. పసుపుపచ్చ బోర్డు మీద ఒంటె, కంగారూ, బాగా మేపిన పందికొక్కులాంటి వోంబాట్. ముందు ఇన్ని కిలోమీటర్ల దాకా నీళ్ళు లేవు, పెట్రోల్ లేదు అనే బోర్డు. విమానం బొమ్మ ఉంటే, ఆ చోట రోడ్డే రన్‌వే అని అర్థం. రోగి కోసం డాక్టర్ల విమానం ఆ తారు మీదే దిగుతుంది. ఆ బోర్డు చూడగానే నేను ఆయన ఛాతీ వైపు చూశాను. ఆయన గబుక్కున తరవాతి బొమ్మకు జరిపారు.

మా ఆయనకు దిక్కుల పిచ్చి. ఒకప్పుడు మలేషియాలో ఏ హోటల్‌కు పోయినా సీలింగ్ మీద నమాజు దిక్కు చూపే బాణం గుర్తును దిక్సూచితో సరిచూసేవారు. కాస్త తప్పుందని ఒకచోట కౌంటర్ దాకా పోయి చెప్పొచ్చారు. నమాజు చదివే రోజుల్లో సంగతి అది. ఆ తరవాత షిఫ్టులన్నారు, మోకాళ్ళన్నారు, చివరికి ఏమీ అనకుండానే మానేశారు. ఆయన సజ్దా చేసి, అంటే నుదురు నేలకు ఆనించి, ఏళ్ళయింది. ఈద్ రోజు కూడా అత్తరు పూసుకుని నా చేతి షీర్ ఖుర్మా తాగి కూర్చుంటారు. మొదట్లో నేను పోట్లాడాను. తరవాత నోరు నొప్పి పుట్టి ఊరుకున్నాను.

బయల్దేరే రోజు ఆయన కుడి చేతికి ఇమామ్ జామిన్ కట్టాను. ఆకుపచ్చ గుడ్డలో ఒక డాలర్ బిళ్ళ పెట్టి మూటకట్టి ప్రయాణం పోయేవాళ్ళ దండచేతికి కడతాం మేము. క్షేమంగా చేరాక విప్పి ఆ బిళ్ళను బీదవాళ్ళకు ఇచ్చెయ్యాలి. అమ్మాయి కోసం ఇంకోటి ఇచ్చి పంపాను.

"ఆ రోడ్డుకు అడుగడుగునా బోర్డులున్నయ్ బేగం, ఇదెందుకు?" అన్నారు, చెయ్యి మాత్రం చాపుతూనే.

"మీ బోర్డులు మీకు. నా గుడ్డపేలిక నాకు. విప్పిన్రంటే చూడండి మరి" అన్నాను.

తండ్రీ కూతురూ బయల్దేరారు. సిగ్నల్ దొరికిన చోటల్లా ఒక బోర్డు ఫోటో పంపడం ఒప్పందం. మొదటి రోజు బాగానే గడిచింది. ఒంటె బోర్డు కింద అమ్మాయి నాలుక బయటపెట్టి నిలబడింది. దండకు మూట కనబడుతోంది. నా ప్రాణం కుదుటపడింది.

రెండో రోజు మధ్యాహ్నం రాష్ట్రాల సరిహద్దు. అక్కడ పళ్ళూ ఆకులూ తేనే లోపలికి తేనివ్వరు. బోర్డులన్నీ బట్టీ పట్టిన మా ఆయన ఆ బోర్డు మాత్రం తనకు కాదనుకున్నారు. పక్కనే మలేషియాలో ఉన్న జొహోర్ నుంచి వచ్చేటప్పుడు చెక్‌పోస్ట్‌లో అలవాటైన నోరు కదా, ఏమున్నాయని అడిగితే "నథింగ్" అనేశారు. వాళ్ళు డిక్కీ తెరిచారు. నేను చెప్పి అక్కడే కొనిపించిన కరివేపాకు, తేనె సీసా, దుప్పటి మడతలో పచ్చిమిరపకాయలు. కారంతా దులిపారు. "అమ్మీ, యువర్ కరివేపాకు గాట్ అరెస్టెడ్ లా" అని అమ్మాయి మెసేజ్ పెట్టింది. నేను పడీ పడీ నవ్వాను. దాని వెనకే ఇంకో మెసేజ్ వచ్చింది: చాలా లేట్ అయింది, పొద్దుగూకే లోపల తరవాతి రోడ్‌హౌస్ చేరాలి, చేరగానే కాల్ చేస్తాం. పెట్రోలూ తిండీ పడకా ఒకే కప్పు కింద దొరికే చోటును అక్కడ రోడ్‌హౌస్ అంటారు.

నా నవ్వు ఆగిపోయింది. పొద్దుగూకే వేళ కంగారూలు రోడ్డు మీదికొస్తాయని ఆయనే నాకు పాఠం చెప్పారు. స్టీరింగ్ తిప్పొద్దు, బ్రేక్ మాత్రమే వెయ్యాలి. అది ఆయనకు తెలుసు. ఆ పిల్లకు తెలుసా?

చేరాల్సిన వేళ దాటింది. మా ఎదురు బ్లాకులో ఇంకా ఎండ మండుతోంది, కిటికీల బయట వెదురు గడలకు బట్టలు ఆరుతున్నాయి. అక్కడ మాత్రం చలికాలం, ఈపాటికి పొద్దు దిగిపోతుంటుంది. ఇద్దరి ఫోన్లూ కలవలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ. చివరికి రోడ్‌హౌస్ నంబర్ వెతికి పట్టుకుని అక్కడికే చేశాను.

ఫోన్ తీసిన ఆవిడ నన్ను "లవ్" అని పిలిచింది. తెల్ల కారు, ముసలాయన, అమ్మాయి, ఇంకా రాలేదే అంది. లైన్లో ఉండమని, దారిలో ఉన్న లారీలవాళ్ళను రేడియోలో అడిగింది. ఆ గరగర మాటలు నాకూ వినబడుతున్నాయి కానీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆవిడ తిరిగి వచ్చేసరికి గొంతు మారింది.

తెల్ల కారు రోడ్డు దిగి కంకరలో ఉందట. ముసలాయన కారు పక్కన నేల మీద ఉన్నాడట, ముఖం మట్టిలో. అమ్మాయి పక్కన నిలబడి ఉందట. అది చూసిన లారీ, వెనక మూడు బోగీల బరువుతో, వెంటనే ఆగలేకపోయింది. వెనక ఇంకో లారీ వస్తోంది, అది ఆగుతుంది, కంగారు పడకు లవ్ అంది.

స్టెంట్. విమానం బొమ్మ బోర్డు. ఆయన చెప్పిన పాఠాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అంతలో ఒక పిచ్చి ఆశ.

"పడుకుని ఉన్నాడా, మోకాళ్ళ మీద ఉన్నాడా?" అని అడిగాను.

మళ్ళీ గరగర. మోకాళ్ళు ముడుచుకుని ముందుకు పడి ఉన్నాడట.

"తల ఎటు ఉంది?"

ఆవిడ నాకు మతి పోయిందనుకుని ఉంటుంది. అయినా అడిగింది పాపం. సముద్రం వైపు, దక్షిణానికి అంది. కబురు తెలియగానే చేస్తానని ఫోన్ పెట్టేసింది.

నా ఆశ అక్కడితో చచ్చింది. అక్కడి నుంచి మక్కా పడమర వైపు. హోటల్ సీలింగ్ మీద బాణాన్నే తప్పు పట్టిన మనిషి దక్షిణానికి తిరిగి నమాజు చదవడు. ఏళ్ళుగా చదవని మనిషి అసలే చదవడు. పడిపోయారు. నా మనిషి మట్టిలో పడిపోయారు, నా బిడ్డ ఒక్కతే నిలబడి ఉంది.

వంటింట్లో నేల మీదే కూలబడ్డాను. పుట్టినప్పటి నుంచి చదువుతున్న దువాల్లో ఒక్కటీ నోటికి రాలేదు. యా అల్లా, ఆయన్ని నాకిచ్చెయ్, ఆయన నమాజు కూడా నేనే చదువుతాను, ఇచ్చెయ్ అని పైకే అరిచాను. ఆయన మీద ఎంత ప్రేమ ఉందో ఆ గచ్చు మీద కూర్చుని గానీ నాకు తెలియలేదు. ఆయన మీద ఎంత కోపం ఉందో కూడా తెలిసింది.

చాలాసేపటికి ఫోన్ మోగింది. రోడ్‌హౌస్ నంబరే.

"అమ్మీ?" మా అమ్మాయి గొంతు. "అమ్మీ, వీ ఆర్ ఓకే. అబ్బు ఓకే. ఏడవకు ప్లీజ్."

ముక్కలు ముక్కలుగా చెప్పింది. కారు నడిపింది అదే. కంగారూ ఎగిరి ఎదురుగా పడింది. బ్రేక్ వెయ్యాల్సింది పోయి స్టీరింగ్ తిప్పేసింది. కారు గింగిరాలు తిరిగి కంకరలోకి పోయి, బోర్డు స్తంభానికి జానెడు దూరంలో, అదీ అమ్మాయి తలుపు వైపే, ఆగింది. అబ్బు దిగి, తన వైపు తలుపు నుంచే దాన్ని బయటికి లాగి, తల నుంచి కాళ్ళ దాకా తడిమి చూశాడట. తరవాత ఉన్నచోటే నేల మీద పడ్డాడట.

"ఐ థాట్ హార్ట్ అటాక్ అమ్మీ. పిలిచినా లేవలే. చూస్తే ఏడుస్తున్నడు."

"ఫోన్ ఆయనకివ్వు."

ఆయన ఊపిరి వినబడింది. తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ వదిలేశాను.

"సజ్దా చేసిన్రా?" అన్నాను.

"ఊఁ."

"సముద్రం దిక్కు తిరిగి చేసిన్రంట. మీరేనా? ఎటు చెయ్యాల్నో చూస్కోలేదా?"

వెనకాల కప్పులు, గిన్నెల చప్పుడు, ఎవరో నవ్వడం వినబడ్డాయి.

"పిల్ల బతికున్నదని చూసిన" అన్నారు. "ఇగ దిక్కు చూస్కునేంత సేపు ఆగలేకపోయిన."