యాదగిరి మెడ

తెలంగాణ వచ్చిన కొత్తలో చేసిన తప్పు ఒకటి ఇన్నేళ్లుగా గుండె మీద కూర్చుని ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నా పేరు అడగొద్దు. నల్గొండ జిల్లాలో కటింగ్ షాపు నాది, అంతే. అన్నం దిగుతుంది, నిద్రా పడుతుంది. ఇంత చేసినవాడికి నిద్రెట్లా పడుతుంది?

నా మాలిష్ అంటే ఊళ్లో పేరు. తలకు నూనె రాసి, చివర్లో మెడ పట్టి ఒక్క తిప్పు తిప్పుతాను. టప్పున మెటిక విరుగుతుంది, మనిషి హాయిగా లేస్తాడు. డాక్టర్లు నా ముందు ఎంత అనుకునేవాణ్ణి. పొగరు, ఇంకేమిటి?

యాదగిరి మగ్గం నేసేవాడు. రోజంతా తల వంచే పని. మెడ నుంచి కుడిచేతి వేళ్ల దాకా కరెంటు కొట్టినట్టు నొప్పి మొదలైంది. మెడలో నరం నలుగుతోందని, చిన్న రంధ్రం చేసి సన్నటి గొట్టంతో కెమెరా పంపి దాన్ని వదులు చేస్తామని, మర్నాడే ఇంటికి పోవచ్చని హైదరాబాద్ డాక్టరు చెప్పాడట. అప్పటిదాకా బరువులెత్తొద్దు, మెడ ఎవరితోనూ తిప్పించుకోవద్దు అన్నాడట.

ఆపరేషన్‌కు ముందు కటింగ్‌కు వచ్చి ఇదంతా యాదగిరే చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. నా చేతికి లొంగని నరముందా అన్నాను. వద్దన్నాడు. కానీ నెత్తిన నూనె పడగానే కళ్లు మూసి మెడ వదిలేశాడు. తిప్పాను. చప్పుడు ఎప్పటిలా రాలేదు. చెయ్యి విదిలించుకుంటూ కాసేపు అట్లాగే కూర్చున్నాడు. పోతూ పోతూ, తన భార్య పద్మకు చెప్పొద్దని, తెలిస్తే చంపేస్తుందని నవ్వాడు.

ఆ సాయంత్రమే పద్మ బియ్యం మూట దించుతూ ఒక కొస పట్టుకొమ్మని అతన్ని పిలిచింది. పట్టుకున్నాడు. తెల్లారేసరికి వేళ్లు లేవలేదు.

ఆపరేషన్ బాగానే అయింది. నొప్పి పోయింది. కానీ నరం అప్పటికే బాగా దెబ్బతిన్నదన్నారు. వేళ్లకు బలం తిరిగి రాలేదు. యాదగిరి మళ్లీ మగ్గం ఎక్కలేదు. ఊరంతా మూట మాటే. మొగుడి చెయ్యి మింగిందని అత్త తిట్టేది.

ఒకరోజు పద్మ అతన్ని గడ్డం గీయించడానికి తీసుకొచ్చింది.

"అన్నా, ఆపరేషన్‌కు ముందుగాల నువ్వేమన్న గీయన మెడ తిప్పినవా? డాక్టర్ మల్ల మల్ల అడిగిండు."

"లేదు చెల్లె. ముట్టనే లేదు."

"అయితే నా మూటనే."

అద్దంలో యాదగిరి నన్ను చూశాడు. నోరు విప్పలేదు. నన్ను కాపాడాడా? వద్దన్న పని చేయించుకున్నానని పెళ్లాం ముందు ఒప్పుకోలేకపోయాడా? నాకిప్పటికీ తెలియదు. బతికిపోయాననుకున్నాను. నేను అవునంటానన్న ఆశతోనే ఆమె అడిగిందని ఇంటికి పోయాక అర్థమైంది.

నా చెయ్యో మూటో ఎవరు తేల్చగలరని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో! ఆ చప్పుడు మారిందని నా వేళ్లకు తెలుసు.

పద్మ పత్తి ఏరే కూలికి పోయి అతన్ని సాకింది. అన్నం కలిపి పెట్టింది. ఎవరైనా జాలిపడితే, నా చేతులార చేసుకున్న అనేది.

పోయినేడు యాదగిరి గుండెపోటుతో పోయాడు. మంగలివాణ్ణి, చావుకు నేను లేకుంటే నడవదు. పద్మ ఆ చచ్చుబడ్డ చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. తప్పయింది, మాఫ్ చెయ్యమని మొక్కింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. అప్పుడన్నా చెప్పొచ్చు కదా? నిజం తెలిసిన ఇంకొకడు పోయాడని లోపల ఎక్కడో తేలికపడ్డాను. అంత నీచుణ్ణి.

పద్మకు చదువు రాదు. అందుకే ఇది రాయగలిగాను. ఇంత రాసేసరికి ఊపిరి కొంచెం ఆడుతోంది, దానికీ సిగ్గుగానే ఉంది. మూట కాదు పద్మా. నేను.